టేపుకు అందని నిమిషాలు

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినదంతా శాంటా క్లారాలో, ఒక కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ పార్కింగ్ లాట్‌లో, పాత స్టేషన్ వాగన్ కారు ముందు సీట్లో కూర్చుని నేర్చుకున్నదే. కళ్ళతో చూసింది బహు తక్కువ. చెవులతో విన్నదే ఎక్కువ, అదీ నాకు రాని భాషలో, మూడు వారాల ఆలస్యంగా. ఈ మాట చెబితే మా అమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది. "అది ఫుట్‌బాల్ కాదమ్మా, సాకర్," అని సరిదిద్దుతుంది కూడా. ఇక్కడ పుట్టిన పిల్ల, దాన్నేమీ అనలేను.

బీఎస్సీ ఫిజిక్స్ అయ్యాక పెళ్ళి చేసుకుని డెబ్భై ఎనిమిదిలో ఈ దేశం వచ్చాను. మా ఆయన ఇంజనీరు. పాపకు ఏడాది దాటాక నేనూ ఉద్యోగంలో చేరాను. మైక్రోస్కోపులో చూస్తూ సిలికాన్ బిళ్ళల మీద మచ్చలు వెతకడం నా పని. కంటికి కనబడని నలుసు పడినా చిప్పు పాడవుతుందని మమ్మల్ని తల నుంచి కాళ్ళదాకా తెల్లటి ముసుగు బట్టల్లో పెట్టేవాళ్ళు. పౌడరు, కాటుక, బొట్టు అన్నీ నిషేధం. పొద్దున్నే స్టిక్కర్ బొట్టు తీసి లాకర్ తలుపు లోపల అంటించి, సాయంత్రం మళ్ళీ పెట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. చూసిన ప్రతి బిళ్ళ వివరం ఒక షీటులో రాయాలి. ఏ కాగితం మొదలుపెట్టినా పైన చిన్నగా శ్రీ చుట్టడం నాకు పలక పట్టిన నాటి అలవాటు. పరీక్ష పేపరయినా పచారీ సామాన్ల జాబితా అయినా సరే, చెయ్యి దానంతటది చుట్టేస్తుంది. ఇదేమిటని సూపర్‌వైజర్ ఒకసారి అడిగితే ఏం చెప్పాలో తోచక నా ఇనీషియల్ అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. పక్క మైక్రోస్కోపు ముందున్న ఆవిడ మాత్రం ముసుగులోంచి కళ్ళతోనే నవ్వింది.

ఆవిడది బ్రెజిల్. యాభై అయిదేళ్ళుంటాయి, భర్త పోయాడు, ఒక్కతే ఉండేది. పెద్దవాళ్ళను మనం 'గారు' అన్నట్టు వాళ్ళ భాషలో పెద్దావిడల పేరు ముందు 'దోనా' అని చేరుస్తారట. నేను పేరు వదిలేసి ఉత్త దోనా అనే పిలిచేదాన్ని. అలా ఎవరూ పిలవరని మొదట్లో చెప్పింది, తరువాత అలవాటు పడింది.

ఎనభై రెండు వేసవిలో వాళ్ళ దేశం ప్రపంచ కప్పులో ఓడిపోయింది. మర్నాడు దోనా కళ్ళు వాచి ఉన్నాయి. పలకరింపుగా ఉంటుందని, "పోనీలెండి, ఆటే కదా," అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు లాకర్ల దగ్గర ఆపింది.

"దేశం ఓడితే నాతోపాటు దేశమంతా ఏడుస్తుంది. నా బాధ అది కాదు. వచ్చే నెల మా ఊరి జట్టు ఆడబోయే పోటీ మొదలవుతుంది. వాళ్ళు ఓడితే ఈ ఫ్యాక్టరీలో ఏడ్చేది నేనొక్కదాన్నే. నాకు తోడు కావాలి," అంది.

ఏడవడానికి తోడు రమ్మని నన్ను అంతకు ముందు ఎవరూ పిలవలేదు. సరే అన్నాను.

వాళ్ళ ఊరి జట్టువి ఆకుపచ్చ చొక్కాలు. పెద్ద నగరాల జట్ల ముందు బీదది. దోనా పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారి కూడా కప్పు గెలవలేదు. ఊళ్ళో ఉన్న వాళ్ళన్నయ్య ప్రతి ఆటకూ రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి వ్యాఖ్యానం మొత్తం ఎక్కించి పోస్టులో పంపేవాడు. తొంభై నిమిషాల క్యాసెట్, అటు సగం ఇటు సగం. కానీ ఆయన ఆత్రగాడు. ఆట మొదలు కాకముందే బటన్ నొక్కేసేవాడు. అందువల్ల చివర టేపు చాలేది కాదు. బంతి గోల్ దగ్గర ఉండగా టక్కుమని ఆగిపోయేది. ఆ మిగిలిన నిమిషాల్లో జరిగింది, తుది స్కోరు ఒక చీటీ మీద రాసి, మడిచి క్యాసెట్ డబ్బాలో పెట్టేవాడు.

ఆ చీటీ దగ్గరే నాకు పని పడింది. దోనాకు తనమీద తనకు నమ్మకం లేదు. డబ్బా తెరవగానే చీటీ తీసి నా చేతిలో పెట్టేది. "నువ్వు దాచు. చూడకు. టేపు ఆగిన తరువాత ఇయ్యి." నేను దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పాప ఫొటో వెనక పెట్టేదాన్ని.

మాకు భోజనానికి అరగంట. ముసుగులు విప్పి, దోనా కారుదాకా నడిచి, మళ్ళీ వెళ్ళి తొడుక్కునే సమయం పోగా ఆట వినడానికి ఇరవై మూడు నిమిషాలు మిగిలేవి. అంటే ఒక్క ఆట వినడానికి నాలుగు మధ్యాహ్నాలు. సోమవారం మొదలైన ఆట గురువారానికి ముగిసేది. శుక్రవారం దాని గురించి పోట్లాట. ఎదుటి జట్టుకు పెనాల్టీ ఇస్తే రిఫరీ గుడ్డివాడు. మా జట్టుకు ఇస్తే ధర్మాత్ముడు. దోనా పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

భాష రాకపోయినా నెలరోజుల్లో నాకు ఆట అర్థం కావడం మొదలైంది. వ్యాఖ్యాత గొంతు ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు చల్లబడుతుందో తెలిసేది. గోల్ పడితే ఆయన తీసే రాగం ఒక ముద్ద నమిలి మింగేదాకా సాగేది. వెనకాల వాళ్ళన్నయ్య కుక్క మొరిగేది, ప్రెషర్ కుక్కర్ కూత వేసేది, మధ్యమధ్య ఆయన తిట్లు. తిట్లకు మాత్రం దోనా అర్థం చెప్పేది కాదు. ఆటగాళ్ళ పేర్లు నా నోరు తిరగక నంబర్లతో పిలిచేదాన్ని. ముసలి గోల్‌కీపర్‌ను తాతగారు అనేదాన్ని. ఆ మాట దోనాకు నచ్చింది. తాతగారు బంతి పట్టినప్పుడల్లా స్టీరింగ్ మీద గుద్ది, "తాతగారూ!" అని తెలుగులో అరిచేది.

ఒక బుధవారం నేను పులిహోర తెచ్చాను. ఆ రోజు మా పదకొండో నంబరు రెండు గోల్స్ వేశాడు. అప్పటి నుంచి బుధవారం పులిహోర తప్పనిసరి. "మూడు వారాల క్రితం అయిపోయిన ఆటకు ఇప్పుడు పులిహోర తెస్తే ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు," అని నేను నవ్వితే ఆవిడకు కోపం వచ్చింది. "మనం వినేదాకా అయిపోలేదు," అంది.

ఆ మాట నన్ను నవ్వించలేదు, ఏడిపించింది. కారులోనే ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడకు చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మ బడిలో టీచరు. నన్ను ఎత్తుకుని పెంచింది మా మేనత్త. నేను ఇక్కడ అయిదో నెల గర్భంతో ఉండగా అత్తయ్య పోయింది. కడుపుతో ఉన్న పిల్లకు చెప్పకూడదని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఉత్తరం వెంట ఉత్తరం, "అత్తయ్య కులాసా, నీ ఆరోగ్యం జాగ్రత్త" అని రాశారు. నేను ఆవిడ మోకాళ్ళ నొప్పులకని రెండు ఉన్ని పట్టీలు కొని, ఊరెళ్ళే వాళ్ళతో పంపాను. అందాయని జవాబు కూడా వచ్చింది. రోజూ దీపం పెట్టి ఆవిడ నొప్పి తగ్గాలని దండం పెట్టుకున్నాను. అప్పటికి ఆవిడ పోయి రెండు నెలలు. పాప పుట్టి మూడో నెల వచ్చాక అన్నయ్య రాశాడు, ఇక చెప్పవచ్చు కనుక చెబుతున్నానని.

"ఏం హక్కుంది వాళ్ళకి? నా ఏడుపు నన్ను ఏడవనివ్వలేదు. ఇంతవరకూ నేను వాళ్ళని క్షమించలేదు," అన్నాను.

దోనా టేపు ఆపింది. ఆ ఒక్క మధ్యాహ్నం మేము ఆట వినలేదు.

మా జట్టు ఆ ఏడాది ఎవరూ అనుకోనంత బాగా ఆడింది. డిసెంబరులో జరిగిన ఆఖరి ఆటకు వచ్చేసరికి డ్రా చేసుకుంటే చాలు, కప్పు మాదే. ఆ టేపు జనవరిలో చేరింది. అదే వారం దోనా ఇంకో సంగతి చెప్పింది. గుండెలో కవాటం పాడయిందట. తరువాతి వారం మంగళవారం ఆపరేషన్. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసపడుతుంటే లావు వల్ల అనుకున్నాను నేను.

"శుక్రవారానికి ఆట పూర్తి చేద్దాం. కప్పు గెలిచిన సంగతి తెలుసుకుని బల్ల ఎక్కుతాను," అంది.

మంగళవారం మొదలుపెట్టాము. ఈసారి టేపులో కుక్క ఉంది, కుక్కర్ ఉంది, తిట్లు లేవు. వాళ్ళన్నయ్య రికార్డర్ భార్యకు అప్పగించి తను స్టేడియంకి వెళ్ళాడని దోనా కనిపెట్టేసింది. బుధవారం పులిహోర తిన్నాము, మావాళ్ళు గోల్ వేశారు. గురువారం వాళ్ళు ఒకటి వేశారు. ఒకటికి ఒకటి. దోనా పెదవులు నీలంగా కనబడ్డాయి నాకు. చెయ్యి గుండెమీద పెట్టుకుని వింటోంది.

ఆ సాయంత్రం వంటింట్లో మా ఆయనకు ఇదంతా చెప్పాను.

"అసలే హార్ట్ ఆపరేషన్. ఓడిపోయారని తెలిస్తే ఆవిడకు బీపీ రెయిజ్ అవదూ?" అన్నాడు. "ఆ చీటీ నీ దగ్గరే ఉందిగా. ముందే చెక్ చేసి పెట్టుకో."

"చూడనని మాటిచ్చానండీ."

"ఆవిడ మంచికే కదా చూస్తున్నావు."

పాప ఫొటో వెనక నుంచి చీటీ తీశాను. నాలుగు నెలల్లో ఒక్కసారీ మడత విప్పలేదు, అదే విప్పడం. వాళ్ళన్నయ్య మా జట్టును ఎప్పుడూ ఎడమ పక్కనే రాసేవాడు. ఎడమ పక్క ఒకటి. కుడిపక్క రెండు. కింద వాళ్ళ భాషలో అయిదారు వరుసలు. టేపుకు అందని నిమిషాల్లో ఎవడో వేసేశాడు.

ఆ తరువాత నేను చేసిన పని ఆ క్షణాన నాకు తప్పని తోచలేదు. ఇది నిజం, దాచను. మా ఇళ్ళలో దీన్ని అబద్ధం అనే అనరు. రోగి మంచం దగ్గర పిడుగులాంటి కబురు ఎవరూ చెప్పరు. చావుకబురు పంపినా "సీరియస్‌గా ఉంది, బయలుదేరి రా" అనే పంపుతారు. అలాంటి కాగితమే వెతికి, అదే కొలతకు చింపి, ఒకటి, మధ్యలో వాళ్ళన్నయ్య పెట్టే ఇంటూ గుర్తు, మళ్ళీ ఒకటి రాశాను. కింది వరుసలు రాయడానికి భాష రాదు, వదిలేశాను. అలాగే మడిచాను. అసలు చీటీ పారేయడానికి చెయ్యి రాలేదు. దాన్ని మళ్ళీ ఫొటో వెనకే పెట్టాను.

శుక్రవారం టేపు టక్కుమని ఆగింది. దోనా కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. నేను చీటీ ఇచ్చాను. విప్పి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత నన్ను గట్టిగా కావలించుకుని, "గెలిచాం!" అని అరిచింది. హారన్ మూడుసార్లు కొట్టింది. పార్కింగ్ లాట్‌లో జనం తిరిగి చూశారు. పులిహోర డబ్బా అడుగున మిగిలిన జీడిపప్పు ఏరి నా నోట్లో పెట్టింది. మంగళవారం ఆపరేషన్ జరిగింది, బాగా జరిగింది. ఆ వారమంతా నన్ను నేను మెచ్చుకుంటూ తిరిగాను.

నెల తరువాత మిరియాల చారు కాచి పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. బాగా చిక్కింది, కానీ పెదవులకు రంగు వచ్చింది. చారు తాగి, గిన్నె పక్కన పెట్టి, దిండు కింద నుంచి చీటీ తీసి నా ముందు పెట్టింది. పైన వేలితో చూపించింది.

"ఇది మా అన్నయ్య పెట్టడు," అంది.

మధ్యలో ఒకటి, ఒకటి. కాగితం పైన, నడిమధ్యలో, చిన్నగా, ముద్దుగా, శ్రీ. రెండేళ్ళుగా నా పక్కన కూర్చుని ప్రతి షీటు మీదా ఆవిడ చూస్తున్న శ్రీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటది హ్యాండ్‌బ్యాగ్ మీదకు పోయింది.

"అప్పుడే తెలిసిందా?" అన్నాను.

"విప్పగానే."

"మరి హారన్ ఎందుకు కొట్టారు?"

"నీ మొహం చూసి. నేను గెలిచానని నువ్వు అంత సంతోషపడుతుంటే పాడుచేయాలనిపించలేదు. ఓడిపోయామని తెలిసే బల్ల ఎక్కాను. ఒక్కదాన్నే. తోడు ఉండమన్నది అందుకే కదా నిన్ను." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఇంతకీ ఈ గుర్తు ఏమిటి? ఇనీషియల్ కాదని నాకు తెలుసు."

"దేవుడి పేరులాంటిది. మొదలుపెట్టింది శుభంగా జరగాలని రాస్తాం."

"అబద్ధం మీద దేవుడి పేరు రాశావా?"

అశుభం రాసే కాగితం మీద మావాళ్ళు శ్రీ పెట్టరు. నేను పెట్టానంటే, ఆ రాత శుభవార్తేనని నా చెయ్యి నమ్మిందన్న మాట.

అసలు చీటీ తీసి ఇచ్చాను. దోనా కళ్ళజోడు పెట్టుకుని, కింద ఉన్న వరుసలు నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. ఆట ముగిసే ముందు వాళ్ళు వేసిన గోల్‌కు తాతగారు పడిపోయి లేవలేదట. మావాళ్ళే వెళ్ళి లేపారట. అప్పుడు ఆకుపచ్చ జెండాల వాళ్ళంతా లేచి నిలబడి జట్టు పాట పాడారట. దీపాలు ఆర్పేదాకా ఎవరూ కదల్లేదట. "నేనూ పాడాను. నా పక్కన నీకని ఒక మనిషి పట్టే చోటు వదిలి నిలబడ్డాను. ఎవరినీ నిలబడనివ్వలేదు," అని రాశాడు వాళ్ళన్నయ్య.

అప్పుడు ఏడ్చింది దోనా. కుట్లు నొప్పి పుడతాయని ఛాతీకి దిండు అదుముకుని మరీ ఏడ్చింది. నేను స్కోరు ఒక్కటే దాచాననుకున్నాను. దానితోపాటు ఆ పాట దాచేశాను, ఆ చోటు దాచేశాను.

"మీవాళ్ళు నీకు చేసిందే నువ్వు నాకు చేశావు," అంది, నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాక. తిట్టినట్టు అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

ఇంటికి వచ్చి అన్నయ్యకు ఉత్తరం రాశాను. అత్తయ్య ఏ రోజు పోయింది, ఏ వేళ, ముందు రోజు ఏం తిన్నది, దగ్గర ఎవరున్నారు, ఏమైనా అన్నదా, ఒక్కటి కూడా వదలకుండా రాయమన్నాను. మూడేళ్ళలో ఎప్పుడూ అడగలేదని రాసేటప్పుడే తెలిసింది నాకు. కోపంలో ఉండి అడగడం మరిచిపోయాను.

దోనా ఏప్రిల్‌లో పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం నేను కారు వైపు వెళ్ళడం మానేసి క్యాంటీన్‌లో కూర్చునేదాన్ని. ఆవిడా పిలవలేదు. పక్కపక్కనే కూర్చుని మచ్చలు వెతుక్కునేవాళ్ళం. ఊళ్ళో కొత్త పోటీ మొదలయి ఉంటుందని, టేపులు వస్తూ ఉంటాయని తెలుసు. అడిగే మొహం లేదు.

మే నెలలో అన్నయ్య జవాబు వచ్చింది. కవరు చింపి చూస్తే కాగితం పైన శ్రీ లేదు. మా అన్నయ్య చెయ్యి కూడా నా చెయ్యి లాంటిదే. పైన అంత ఖాళీ వదిలాడంటే ఉన్నదున్నట్టు రాశాడని అర్థమైంది. ఇంట్లో చదవబుద్ధి కాలేదు. మర్నాడు భోజనాల వేళ తిన్నగా స్టేషన్ వాగన్ దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టాను. దోనా తలుపు తీసింది.

ఒక్కొక్క వాక్యం చదివి, ఇంగ్లీషులో చెబుతూ పోయాను. గురువారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక. ముందు రోజు పెరుగన్నం రెండు ముద్దలు తిన్నది. నా ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. పట్టీలు వచ్చినప్పుడు ఏం చేయాలో తోచక అమ్మ వాటిని తన మోకాళ్ళకు వేసుకుంది, ఇప్పటికీ వేసుకుంటోంది. చివరి వాక్యం ముందు నాలో నేను రెండుసార్లు చదువుకున్నాను. తరువాత చెప్పాను. "దానికి చెప్పొద్దు, కడుపుతో ఉంది అని ఒట్టు వేయించుకున్నది అత్తయ్యే" అని ఉంది.

దోనా నా చేతిలోని ఉత్తరం తీసుకుని మడత పెట్టింది.

"క్షమించావా ఆవిడని?" అంది.

"ఇంకా లేదు."

"నేనూ ఇంకా లేదు," అంది. డాష్‌బోర్డు అర తెరిచి కొత్త క్యాసెట్ తీసింది. దాన్ని కారు టేప్ రికార్డర్‌లోకి తోసి, డబ్బాలో ఉన్న మడత చీటీ నా చేతిలో పెట్టింది.